సమానమైన పడవ: చిన్న తెరచాప పడవల పందేలలో నియమం, నిర్వహణ – ఒక చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:
చిన్న తెరచాప పడవల పందేలలో పోటీదారులందరి పడవలూ ఒకే రకంగా ఉండాలన్న నియమం ఇరవయ్యో శతాబ్దంలో క్రమంగా బలపడింది. పడవను పందేనికి సిద్ధం చేసే పని దానితో అంతరించలేదు. ఒకచోట మూసిన దారి మరొకచోట తెరుచుకున్నది. ఫిన్, లేజర్ అనే రెండు తరగతుల చరిత్ర ఆధారంగా ఈ మార్పును, అందులో ఇమిడి ఉన్న ఆర్థిక అసమానతను ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: తెరచాప పడవ, ఒలింపిక్స్, ఫిన్, లేజర్, తరగతి నియమాలు, నిర్వహణ, హుస్సేన్ సాగర్.

1. ఉపోద్ఘాతం:
పడవ పందెం అనగానే తెలుగు పాఠకునికి ముందుగా స్ఫురించేవి తెడ్లు వేసే పొడుగు పడవలు. గాలి బలం మీదనే నడిచే తెరచాప పడవల పోటీ స్వరూపం వేరు. అందులో గెలుపు నడిపేవాని నేర్పుదా, పడవదా అన్న ప్రశ్న మొదటి నుంచీ ఉన్నది. దీనికి సమాధానంగా రూపొందినదే 'వన్ డిజైన్' పద్ధతి: ఒకే నమూనాలో, ఒకే కొలతలతో పడవలు తయారు చేసి, పోటీని మనుషుల మధ్యకు తేవడం. ఒలింపిక్స్‌లో ఒక్కరే నడిపే పడవల పోటీకి నిర్వాహకులే పడవలు సమకూర్చిన సందర్భాలు ఉన్నాయి. 1948లో ఇంగ్లండ్‌లోని టోర్బేలో జరిగిన పోటీకి ఉఫా ఫాక్స్ రూపొందించిన ఫైర్‌ఫ్లై పడవను వాడారు. డెన్మార్క్‌కు చెందిన పాల్ ఎల్వ్‌స్ట్రోమ్ అందులో స్వర్ణం గెలిచి, ఆ తరువాతి మూడు ఒలింపిక్స్‌లోనూ, 1960 వరకు, దానిని నిలబెట్టుకున్నాడు. నాలుగు వరుస విజయాలు శిక్షణ ప్రాధాన్యాన్ని చాటినంత మాత్రాన పడవ సిద్ధత అప్రధానమని భావించడం పొరపాటు. ఎల్వ్‌స్ట్రోమ్ పేరుతోనే నేటికీ చలామణిలో ఉన్న పరికరం, పడవలో చేరిన నీటిని ప్రయాణంలోనే బయటికి లాగివేసే చిన్న బెయిలర్.

2. ఫిన్: చిత్రిక పట్టిన మాస్ట్:
1952 హెల్సింకి ఒలింపిక్స్ కోసం రికార్డ్ సార్బీ రూపొందించిన పడవ ఫిన్. స్వీడన్‌లోని ఉప్సాలాకు చెందిన సార్బీ వృత్తిరీత్యా క్షురకుడు, అభిరుచిరీత్యా పడవల నిర్మాత. తాను గీసిన పడవలోనే ఆ ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచాడు. పొడవు నాలుగున్నర మీటర్లు, తెరచాప సుమారు పది చదరపు మీటర్లు. తెరచాపను నిలిపే కొయ్యకు, అంటే మాస్ట్‌కు, ఇరువైపులా పట్టి ఉంచే తీగలు లేవు. గాలి పెరిగితే అది వంగుతుంది, తెరచాప చదునవుతుంది, పడవ మీద ఒత్తిడి తగ్గుతుంది.

ఈ వంపే ఫిన్ సిద్ధతకు కేంద్రం. బరువైన మనిషి పడవను బలంగా అదిమి పట్టగలడు. అతనికి బిగువైన మాస్ట్ కావాలి. తేలికైన వానికి త్వరగా వంగేది కావాలి. తెరచాప కోత కూడా ఆ వంపుకు సరిపోవాలి. అందువల్ల క్రీడాకారులు చెక్క మాస్ట్‌ను అడ్డంగా ఉంచి, బరువులు వేలాడదీసి, ఎక్కడ ఎంత వంగుతున్నదో కొలిచి, మిగిలినచోట చిత్రిక పట్టేవారు. ఒక పొర ఎక్కువ తీస్తే తిరిగి అతికించడం కష్టం. చెక్క తేమను పీల్చుకుంటుంది కనుక వార్నిష్ పని కూడా పందెపు పనిలో భాగమే. 'ఒకే నమూనా' అన్న మాట ఇక్కడ పడవ ఆకృతికే వర్తించింది. వడ్రంగం తెలిసినవానికి అందులో చోటు మిగిలే ఉన్నది. 1970 ప్రాంతంలో అల్యూమినియం మాస్ట్‌లు రావడంతో ఈ నైపుణ్యానికి గిరాకీ తగ్గింది.

3. ఊపి కొలిచిన పడవ:
అదే కాలంలో ఫైబర్‌గ్లాస్ మరో వివాదాన్ని తెచ్చింది. చెక్క పడవలో బరువు దాదాపు అంతటా పరుచుకుని ఉంటుంది. ఫైబర్‌గ్లాస్‌తో ముందు, వెనుక కొసలను పలుచగా చేసి, తగ్గిన బరువును మధ్యభాగంలో చేర్చవచ్చు. త్రాసు మీద రెండు పడవలూ సమానమే. అలలలో మాత్రం కొసలు తేలికైన పడవ తక్కువగా ఎగిరిపడి, వేగంగా సాగుతుంది. పైగా అటువంటి కొసలు త్వరగా బలహీనపడతాయి, పడవ ఆయుష్షు తగ్గుతుంది.

దీనికి ఫ్రాన్స్‌కు చెందిన కొలతల నిపుణుడు గిల్బర్ట్ లాంబోలే చూపిన పరిష్కారం పాఠశాల భౌతికశాస్త్రమే. పడవను రెండు వేర్వేరు ఎత్తులలో వేలాడదీసి, లోలకంలా ఊపి, ఒక్కో ఊపుకు పట్టే కాలాన్ని కొలుస్తారు. బరువు కేంద్రానికి ఎంత దూరంగా పరుచుకున్నదో దీనివల్ల తెలుస్తుంది. మొత్తం బరువుతోపాటు దాని పంపిణీ కూడా నియమం పరిధిలోకి వచ్చింది. నియమాల చరిత్రలో ఇది ఒక మలుపు: అప్పటివరకు నిర్మాత రహస్యంగా ఉన్నది బహిరంగ కొలత అయింది.

4. లేజర్: మార్పును నిషేధించిన తరగతి:
కెనడాకు చెందిన బ్రూస్ కర్బీ 1969లో ఇయాన్ బ్రూస్ కోరిక మేరకు గీసిన చిత్రం 1971లో లేజర్‌గా మార్కెట్‌లోకి వచ్చింది. హల్, అంటే పడవ తొట్టి, బరువు సుమారు 59 కిలోలు. కారు పైన పెట్టుకుని తీసుకుపోవచ్చు. తెరచాప 7.06 చదరపు మీటర్లు. మొదట్లో ఒకదానిలో ఒకటి దూరే రెండు అల్యూమినియం గొట్టాలే మాస్ట్‌గా ఉండేవి. ప్రపంచమంతటా రెండు లక్షలకు పైగా తయారైన ఈ పడవ 1996లో ఒలింపిక్స్‌లో చేరింది.

దీని నియమావళి తర్కం ఫిన్‌కు విరుద్ధం. స్పష్టంగా అనుమతించనిదంతా నిషిద్ధమే. హల్‌ను మెరుగు పెట్టవచ్చు, చిన్న దెబ్బలు పూడ్చవచ్చు. తయారైన నాటి ఆకృతిని, బరువును, నునుపును మించి బాగుచేయరాదు. ఇక మిగిలేది నిర్వహణ. మాస్ట్ దిగే గుంటలో నీరు నింపి ఉంచి, మట్టం తగ్గుతున్నదేమో చూడాలి. తగ్గితే ఆ నీరు హల్ లోపలికి చేరుతున్నట్టే. అక్కడ బలహీనపడిన కీలు గట్టిగాలిలో మాస్ట్‌తో సహా ఊడిపోవచ్చు. పై గొట్టాన్ని చదునైన నేల మీద దొర్లించి, శాశ్వతంగా వంగిందో లేదో పరీక్షించాలి. చుక్కాని, నీటిలోకి దించే నిలువు పలక అంచులు చెక్కుకుపోకుండా కాపాడాలి.

ఇంత చేసినా తెరచాప పాతబడుతుంది. లేజర్ తొలి తెరచాప పలుచని గుడ్డతో చేసినది. కొన్ని పోటీలకే సాగి ఆకృతి కోల్పోయేది. దానిని తిరిగి కోసి కుట్టడం నియమవిరుద్ధం. కనుక స్తోమత ఉన్నవారు ప్రతి పెద్ద పోటీకీ కొత్తది కొనేవారు. సమానత్వం కోసం చేసిన నిషేధమే డబ్బుకు కొత్త విలువ కల్పించిందనడానికి ఇంతకంటే స్పష్టమైన నిదర్శనం అక్కరలేదు. ఫిన్‌లో వడ్రంగం తెలిసిన పేదవానికి కొంత అవకాశం ఉండేది. లేజర్‌లో చేతిపని ఆ లోటును పూడ్చలేదు. తరువాతి కాలంలో తరగతి సంఘం మందమైన గుడ్డతో, ఎక్కువ కాలం నిలిచే తెరచాపను ఆమోదించడాన్ని ఈ సమస్యకు పరోక్ష అంగీకారంగా భావించవచ్చు. నిర్మాతతో తలెత్తిన వివాదం వల్ల 2019లో ఈ పడవ పేరు ఐఎల్‌సీఏగా మారింది. పడవ మాత్రం అదే.

5. హుస్సేన్ సాగర్, సముద్రం:
తెలుగు నేల మీద ఈ పడవలకు ప్రధాన వేదిక హుస్సేన్ సాగర్. సైన్యానికి చెందిన ఈఎంఈ సెయిలింగ్ అసోసియేషన్ ఆధ్వర్యంలో హైదరాబాద్ సెయిలింగ్ వీక్ ఇక్కడ జరుగుతుంది. నిర్వహణ పాఠాలు నీటిని బట్టి మారతాయి. 1911లో సర్ ఫ్రాన్సిస్ స్ప్రింగ్ స్థాపించిన మద్రాసు యాట్ క్లబ్ వంటి సముద్రతీర సంస్థలలో ప్రతి దినం మంచినీటితో ఉప్పు కడగకపోతే రివెట్ల దగ్గర అల్యూమినియం తినివేయబడుతుంది. హుస్సేన్ సాగర్‌లో ఉప్పు బెడద లేదు. నాచు, చెత్త చుక్కానికీ పలకకూ చుట్టుకోవడమే సమస్య. ఆంగ్ల కరదీపికలు సముద్రాన్ని దృష్టిలో ఉంచుకుని రాసినవి కనుక ఈ తేడాను పట్టించుకోవు.

చెన్నైకి చెందిన నేత్రా కుమనన్ టోక్యో ఒలింపిక్స్‌కు లేజర్ రేడియల్‌లో అర్హత సాధించిన తొలి భారతీయ మహిళా సెయిలర్. ఆ పోటీలో ఈ తరగతి పడవలను నిర్వాహకులే కొత్తవి సమకూర్చారు. సంవత్సరాల తరబడి తన పడవను ఎంత శ్రద్ధగా కాపాడుకున్న క్రీడాకారిణి అయినా అక్కడ తనకు కేటాయించిన పడవలోనే దిగాలి, పోటీ ముగిశాక దానిని తిరిగి అప్పగించాలి.