చట్టసభలో మన మాట: ఓడిన తీర్మానం ఊరికే పోదు

తెల్లవారకముందే డార్మిటరీ గేటు దగ్గర లారీ ఎక్కి, పనిసామాను పక్కన ఇంత చోటు చూసుకుని కూర్చోవడం మనలో చాలామందికి రోజూ ఉన్నదే. ఆ లారీ గురించి సింగపూర్ పార్లమెంటులో చర్చ జరిగిందంటే మాత్రం నమ్మేవారు తక్కువ. 2021 ఏప్రిల్ 20న పాన్ ఐలాండ్ ఎక్స్‌ప్రెస్‌వే మీద పనివారితో వెళుతున్న లారీ ఒకటి ఆగి ఉన్న టిప్పర్‌ను ఢీకొంది. ఇద్దరు ప్రాణాలు కోల్పోయారు, పదిమందికి పైగా గాయపడ్డారు. మే 10న సభ కూడినప్పుడు పలువురు సభ్యులు లేచి, మనుషులను సామాను లారీలో ఎంతకాలం తీసుకెళతారని అడిగారు. రవాణా శాఖ సీనియర్ సహాయ మంత్రి ఏమీ ఖోర్ జవాబు చెప్పారు. లారీల్లో మనుషులను తీసుకెళ్లకపోవడమే మంచిదని ఒప్పుకుంటూనే, ఒక్కసారిగా నిషేధిస్తే ఆచరణలో ఇబ్బందులున్నాయని, చిన్న కంపెనీలు ఆ భారం మోయలేవని అన్నారు.

"అడిగారు సరే, ఏమొచ్చింది?" అని మనవాళ్లు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. దానికి జవాబు కావాలంటే నూరేళ్లకు పైగా వెనక్కి వెళ్లాలి. అప్పుడు కూడా విషయం మనలాంటి వలస కూలీలదే.

1860 నవంబరులో మద్రాసు నుంచి బయలుదేరిన ఓడ ఒకటి దక్షిణాఫ్రికాలోని నేటాల్ చేరింది. అందులో వెళ్లినవారు ఒప్పంద కూలీలు. ఆ తర్వాత మన ఉత్తర కోస్తా జిల్లాల నుంచి కూడా ఎందరో అలాగే చెరకు తోటలకు వెళ్లారు. కాగితం మీద వేలిముద్ర వేస్తే అయిదేళ్లు కట్టుబడి ఉండాలి. పని మానితే అది నేరం, జైలు. మారిషస్‌కూ బర్మాకూ వెళ్లిన తెలుగువారికి కోరంగి రేవు పేరు మీద 'కోరంగీలు' అనే పేరే స్థిరపడింది. వీరి కష్టాలు పత్రికల్లో వచ్చేవి, సభల్లో ఉపన్యాసాలు జరిగేవి. కానీ చట్టసభలో సర్కారును నిలదీసే దారి లేదు.

ఆ దారి 1909లో తెరుచుకుంది. మింటో-మార్లే సంస్కరణలుగా మనం బడిలో చదువుకున్న చట్టం, ప్రజలకు సంబంధించిన విషయాల మీద తీర్మానం ప్రవేశపెట్టే హక్కును సభ్యులకు ఇచ్చింది. ఆ హక్కును గోపాలకృష్ణ గోఖలే వెంటనే వాడుకున్నారు. 1910 ఫిబ్రవరి 25న కలకత్తాలోని ఇంపీరియల్ లెజిస్లేటివ్ కౌన్సిల్‌లో, నేటాల్‌కు ఒప్పంద కూలీలను పంపడం ఆపాలని తీర్మానం పెట్టారు. సర్కారు ఒప్పుకుంది. 1911 జులై 1 నుంచి నేటాల్‌కు ఆ ఓడలు ఆగిపోయాయి.

గోఖలే అక్కడితో ఆగలేదు. 1912 మార్చి 4న అసలు ఒప్పంద కూలీ పద్ధతినే రద్దు చేయాలని మరో తీర్మానం తెచ్చారు. ఈసారి సర్కారు ఎదురు నిలిచింది. కౌన్సిల్‌లో సర్కారు అధికారులదే మెజారిటీ. అనుకూలంగా 22, వ్యతిరేకంగా 33 ఓట్లు వచ్చి తీర్మానం ఓడిపోయింది. 1915లో గోఖలే కన్నుమూశారు. కానీ ఆయన వేసిన ప్రశ్న బతికే ఉంది. 1916 మార్చి 20న మదన మోహన మాలవీయ అదే కౌన్సిల్‌లో దాదాపు అదే తీర్మానం పెడితే వైస్రాయ్ హార్డింజ్ అంగీకరించారు. 1917 మార్చిలో ఒప్పంద కూలీల ఎగుమతి ఆగింది. 1920 జనవరి 1న ఫిజీలో మిగిలిన ఒప్పందాలు కూడా రద్దయ్యాయి.

నాలుగేళ్ల తేడాలో ఓటమి గెలుపైంది. ఎలా? ఒక కారణం వివరాలు. నేటాల్ సంగతులు చెప్పడానికి గాంధీజీ సహచరుడు హెన్రీ పోలక్ 1909లో మన దేశం వచ్చి ఊరూరా తిరిగారు. 1915లో సి.ఎఫ్. ఆండ్రూస్, డబ్ల్యు.డబ్ల్యు. పియర్సన్ స్వయంగా ఫిజీ వెళ్లి, కూలీల లైన్లు చూసి, మరుసటి ఏడాది నివేదిక అచ్చువేశారు. సభలో మాట్లాడిన నాయకుల వెనుక, వాళ్ల చేతికి నిజాలు అందించినవారు ఉన్నారు.

ఆ తర్వాత 1922లో వలస చట్టం వచ్చింది. నైపుణ్యం లేని కూలీలను ఏ దేశానికి పంపాలన్నా, ఏ షరతుల మీద పంపాలన్నా చట్టసభల ఆమోదం ఉండాలన్నది అందులో ముఖ్యమైన అంశం. అప్పుడు వైస్రాయ్ మండలిలో రెవెన్యూ, వ్యవసాయ శాఖలు చూస్తున్నది మన విశాఖపట్నం వారైన బయ్యా నరసింహేశ్వర శర్మ. ఆ చట్టం వల్లనే మలయాలో భారత సర్కారు ఏజెంటు నియామకం జరిగింది. 1938లో మలయాకు కూలీలను పంపడాన్ని భారత సర్కారు ఆపగలిగింది.

ఇప్పుడు సింగపూర్ సంగతికి వద్దాం. మన అసెంబ్లీలో వాయిదా తీర్మానం అంటే మిగతా పని ఆపి ముందు ఇది చర్చించమని పట్టుబట్టడం. స్పీకర్ తిరస్కరించడం, సభ్యులు పోడియం వైపు వెళ్లడం మనకు అలవాటైన దృశ్యం. ఇక్కడ అదే పేరుతో జరిగేది వేరు. ఆ రోజు పనంతా అయ్యాక, సభ ముగిసే ముందు అరగంట ఉంటుంది. ఒక సభ్యుడు ఇరవై నిమిషాల వరకు తన విషయం చెబుతాడు, మిగిలిన పది నిమిషాల్లో మంత్రి జవాబు చెబుతాడు. అడిగేవారు ఎక్కువైతే చీటీలు తీస్తారు. ఆ విషయం మీద ఓటింగ్ ఉండదు. అయినా ప్రతి మాటా సభ రికార్డుకు ఎక్కుతుంది.

ఇంకో దారి బడ్జెట్ సమయంలో ఉంది. ఏ శాఖ గురించి మాట్లాడదలిస్తే ఆ శాఖ పద్దులో వంద డాలర్లు తగ్గించమని సభ్యుడు ప్రతిపాదిస్తాడు. నిజంగా తగ్గించడం ఉద్దేశం కాదు, మంత్రి చేత జవాబు చెప్పించడమే ఉద్దేశం. మన లోక్‌సభలోనూ వంద రూపాయల కోత తీర్మానం ఇలాంటిదే. ఇవి కాక సభ్యులు సొంతంగా బిల్లు తేవచ్చు. 1990 నుంచి ఏ పార్టీకీ చెందని నామినేటెడ్ ఎంపీలు కూడా సభలో ఉన్నారు. బడ్జెట్ మీద, రాజ్యాంగ సవరణల మీద వీరికి ఓటు లేదు కానీ మాట్లాడే హక్కు ఉంది.

ఇక్కడ కూడా గోఖలే కథే మళ్లీ కనిపిస్తుంది. నామినేటెడ్ ఎంపీ డాక్టర్ కన్వల్జీత్ సోయిన్ 1995లో కుటుంబ హింసకు వ్యతిరేకంగా సొంతంగా బిల్లు తెచ్చారు. అది ఓడిపోయింది. మరుసటి ఏడాది సర్కారే మహిళా చార్టర్‌ను సవరించి, కుటుంబ హింస నుంచి రక్షణను చట్టంలో చేర్చింది.

ఇళ్లల్లో పనిచేసే మన అక్కచెల్లెళ్ల వారపు సెలవు సంగతి కూడా అంతే. 2001లో ఇండోనేసియా నుంచి వచ్చిన ఒక పనిమనిషి యజమాని హింసకు బలైంది. ఆ కేసు చూసి కదిలిన కొందరు ఒక బృందంగా ఏర్పడ్డారు. ముందు నిలిచిన బ్రేమా మతి అప్పట్లో నామినేటెడ్ ఎంపీ. నేడు టీడబ్ల్యూసీ2గా మనకు తెలిసిన సంస్థ అలా పుట్టింది. వారానికి ఒక రోజు సెలవు చట్టం కావాలని ఆ సంస్థ, మరికొన్ని సంఘాలు ఏళ్ల తరబడి అడుగుతూనే ఉన్నాయి. సర్కారు చాలాకాలం అది యజమాని, పనిమనిషి మాట్లాడుకోవలసిన విషయమంది. చివరికి 2012 మార్చిలో, ఆ బడ్జెట్ చర్చల్లోనే, సహాయ మంత్రి టాన్ చువాన్-జిన్ వారపు సెలవు తప్పనిసరి చేస్తామని ప్రకటించారు. 2013 జనవరి 1 నుంచి అమలైంది. అడగడం మొదలైనప్పటి నుంచి చట్టం చేతికి వచ్చేసరికి దాదాపు పదేళ్లు.

కాబట్టి లారీ ప్రశ్నకు ఇంకా పూర్తి జవాబు రాలేదని నిరాశ పడనక్కరలేదు, సంతృప్తి పడనూ వద్దు. 2023 జులైలో మళ్లీ ప్రమాదాలు జరిగాయి, మళ్లీ ప్రశ్నలు వచ్చాయి. మునుపు వేగ నియంత్రణ పరికరం అక్కరలేని కొన్ని రకాల లారీలకు కూడా దాన్ని అమర్చాలని నిబంధన వచ్చి, 2024 నుంచి విడతలవారీగా అమలు మొదలైంది. మనుషులను లారీలో ఎక్కించడం మాత్రం ఆగలేదు. అంటే తీర్మానం ఇంకా 1912 దగ్గరే ఉంది, 1916 దగ్గరకు చేరలేదు.

మనకు ఇక్కడ ఓటు లేదు. నేటాల్ కూలీకి కూడా కలకత్తా కౌన్సిల్‌లో ఓటు లేదు. అయినా అతని మాట అక్కడికి చేరింది, ఎందుకంటే అతను చెప్పింది ఎవరో రాసుకున్నారు. మనమూ రాసుకుందాం. లారీలో ఎంతమంది ఎక్కారు, ఏ తేదీన, ఎన్ని గంటలకు, పని ఎన్ని గంటలు చేశాం, జీతం ఏ రోజు వచ్చింది, ఎంత కోశారు. ఒక చిన్న నోటుపుస్తకం చాలు. కష్టం వచ్చినప్పుడు కార్మికుల కోసం పనిచేసే సంఘాల దగ్గరకు ఆ పుస్తకం తీసుకుని వెళదాం. "చాలా కష్టంగా ఉందండీ" అని చెబితే విన్నవారు జాలి పడతారు. తేదీలతో చెబితే రేపు సభలో లేచి నిలబడే సభ్యుడి చేతిలో అది కాగితంగా ఉంటుంది. మంత్రి జవాబు చెప్పవలసింది ఆ కాగితానికే.