రష్ (సంగీత బృందం)

'''రష్''' కెనడా దేశంలోని టొరంటో నగరానికి చెందిన రాక్ సంగీత బృందం. ఇది 1968లో ఏర్పడినది. గెడ్డీ లీ (గాత్రం, బేస్ గిటార్, కీబోర్డు), అలెక్స్ లైఫ్సన్ (గిటార్), నీల్ పేర్ట్ (డ్రమ్స్) అను ముగ్గురు 1974 నుండి 2015 వరకు ఇందులో కలిసి వాయించారు. హార్డ్ రాక్ లోని బరువైన ధ్వనిని, ప్రోగ్రెసివ్ రాక్ లోని సుదీర్ఘ రచనా విధానాన్ని మేళవించుట వీరి ప్రత్యేకత. దీర్ఘమైన పాటలకు రేడియోలో చోటు తక్కువ. అందువలన ఈ బృందం ఎక్కువగా ఒక మిత్రుడు మరొక మిత్రునికి వినిపించుట ద్వారానే వ్యాపించినది.

== ఆరంభం ==
లీ, లైఫ్సన్ ఇద్దరూ 1953లో జన్మించారు, పాఠశాలలో స్నేహితులు. లీ తల్లిదండ్రులు నాజీ నిర్బంధ శిబిరాల నుండి ప్రాణాలతో బయటపడిన పోలండ్ యూదులు. లైఫ్సన్ తల్లిదండ్రులు సెర్బియా సంతతికి చెందిన వలసదారులు. బృందం తొలి ఆల్బమును 1974లో మూన్ రికార్డ్స్ అను సొంత సంస్థ పేరుతో విడుదల చేసినది.

కెనడాలోని బాబ్ రోపర్ అను రికార్డుల ప్రచారకుడు ఆ ఆల్బమును అమెరికాలోని క్లీవ్‌లాండ్ రేడియోలో పనిచేయుచున్న తన స్నేహితురాలు డోనా హాల్పర్‌కు పంపించాడు. అందులోని "వర్కింగ్ మాన్" అను ఏడు నిమిషాల పాటను ఆమె ప్రసారం చేయించినది. కర్మాగారాల నగరమైన క్లీవ్‌లాండ్‌లో కార్మిక శ్రోతలు ఆ పాటను తమదిగా భావించి మళ్ళీ మళ్ళీ కోరారు. దానితో మెర్క్యురీ అను పెద్ద సంస్థ బృందంతో ఒప్పందం చేసుకొన్నది. తొలి డ్రమ్మరు జాన్ రట్సీ వైదొలగగా 1974 జూలై 29న పేర్ట్ చేరాడు. తరువాతి గీతాలలో అధికభాగం అతని రచనలే.

== 2112 ==
1975లో వచ్చిన "కెరెస్ ఆఫ్ స్టీల్" ఆల్బము అమ్ముడు పోలేదు. చిన్న పాటలు చేయవలసినదిగా సంస్థ ఒత్తిడి తెచ్చినది. బృందం అందుకు అంగీకరింపక, ఓడినా తమ పద్ధతిలోనే ఓడవలెనని నిశ్చయించి 1976లో "2112" ఆల్బమును తెచ్చినది. అందులో ఒక వైపంతా ఏడు భాగాలుగల ఇరవై నిమిషాల ఒకే రచన. సంగీతాన్ని పూజారులు నియంత్రించే భావి లోకంలో ఒక యువకునికి పాత గిటారు దొరుకుతుంది. దానిని వాయించుట నేర్చుకొని ఆనందంతో పూజారులకు చూపగా, వారు దానిని ధ్వంసం చేస్తారు. రేడియో ఆదరణ అంతగా లేకున్నను ఈ ఆల్బము నోటి మాట ద్వారా వ్యాపించి, కాలక్రమేణా అమెరికాలోనే 30 లక్షల ప్రతుల స్థాయికి చేరినది. దీని తరువాత సంస్థ వారి రచనలో జోక్యం చేసుకొనలేదు.

== లయ ==
సాధారణ రాక్ పాటలు నాలుగు లెక్కల లయలో నడుస్తాయి. రష్ తరచుగా ఐదు, ఏడు లెక్కలను వాడినది. కర్ణాటక సంగీతంలోని ఖండచాపు, మిశ్రచాపు తాళాలు తెలిసినవారికి ఈ నడక సులభంగా బోధపడుతుంది. 1981 నాటి "మూవింగ్ పిక్చర్స్" ఆల్బములోని "టామ్ సాయర్" పాటలో వాద్య భాగం ఏడు లెక్కలది. అదే ఆల్బములోని "వైవైజడ్" అను వాద్య రచన ఆరంభంలో వినవచ్చు ఐదు లెక్కల లయ, టొరంటో విమానాశ్రయ సంకేతాన్ని మోర్స్ కోడ్‌లో పలికిన రూపం. అప్పటికే పేరు పొందిన పేర్ట్, నలభై యేళ్ళు దాటిన తరువాత ఫ్రెడ్డీ గ్రూబర్ అను గురువు వద్ద మరల శిక్షణ పొందుట విశేషం.

== విరామం, అనంతర కాలం ==
1997లో కుమార్తెను, 1998లో భార్యను కోల్పోయిన పేర్ట్ సంగీతాన్ని విడిచి మోటారు సైకిలుపై సుమారు 88,000 కిలోమీటర్లు ప్రయాణించాడు. మిత్రులిద్దరూ అతని కొరకు వేచియున్నారు. 2002లో "వేపర్ ట్రెయిల్స్" ఆల్బముతో బృందం తిరిగి వచ్చినది. చివరి కచేరీ 2015 ఆగస్టు 1న లాస్ ఏంజెలెస్‌లో జరిగినది. పేర్ట్ మెదడు కాన్సరుతో 2020 జనవరి 7న మరణించాడు. జర్మనీకి చెందిన డ్రమ్మరు అనికా నిల్లెస్‌తో 2026లో కచేరీలు చేయనున్నట్లు 2025 అక్టోబరులో లీ, లైఫ్సన్ ప్రకటించారు.

== గుర్తింపు ==
రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్ ఎన్నో ఏళ్ళు ఈ బృందాన్ని పట్టించుకొనలేదు. 2013 ఎంపికకు మొదటిసారిగా అభిమానుల ఓటును కూడా లెక్కించగా, ఆ ఓటులో రష్ ప్రథమ స్థానం పొంది సభ్యత్వం అందుకొన్నది. 2009 నాటి "ఐ లవ్ యూ, మాన్" అను హాస్య చిత్రంలో ఇద్దరు అపరిచితులు రష్ పై గల అభిమానంతో స్నేహితులవుతారు. బృంద సభ్యులు కూడా ఆ చిత్రంలో కనిపిస్తారు.

== ఇవి కూడా చూడండి ==
* రాక్ సంగీతం
* కర్ణాటక సంగీతం
* తాళం