వక్రతా ప్రవాహాల్లో ఆకృతుల అంతిమగతి - ఒక చారిత్రక పరిశీలన

తన వంపును అనుసరించి కదిలే ఆకృతి చివరికి ఏమవుతుందన్న విచారణకు ఒక మూలం లోహశాస్త్రంలో ఉంది. వేడిచేసిన లోహంలో రేణువుల సరిహద్దులు నిలకడగా ఉండవు. వాటి చలనానికి విలియం మలిన్స్ 1956లో ఒక ఆదర్శ నమూనాను ప్రతిపాదించాడు. సరిహద్దులోని ప్రతి బిందువూ అక్కడి వక్రతకు అనులోమమైన వేగంతో వంపు లోపలి వైపుకు జరుగుతుంది. తిన్నగా ఉన్నచోట కదలికే ఉండదు.

సమతలంలో తనను తాను ఖండించుకోని సంవృత రేఖను తీసుకుంటే, దాని చుట్టూ ఉన్న వక్రత మొత్తం ఎప్పుడూ 'పై' విలువకు రెండు రెట్లే. వైశాల్యం తగ్గే రేటూ అంతే. కనుక తొలి వైశాల్యాన్ని ఆ సంఖ్యతో భాగిస్తే రేఖ ఆయుష్షు తెలుస్తుంది. ఆకారంతో నిమిత్తం లేదు. అయితే ఆ గడువు దాకా రేఖ నునుపుగా నిలుస్తుందా, నడుమనే మొనదేలి ప్రవాహం ఆగిపోతుందా అన్నదే అసలు చిక్కు. కుంభాకార రేఖలు క్రమంగా వృత్తాకృతికి చేరువవుతూ బిందువులో లయిస్తాయని మైకేల్ గేజ్, రిచర్డ్ హామిల్టన్ 1986లో నిరూపించారు. మరుసటి ఏడాది మాథ్యూ గ్రేసన్ కుంభాకార నిబంధననే తొలగించాడు. పాములా ఎన్ని చుట్లు చుట్టుకున్న రేఖ అయినా ముందు విప్పుకొని కుంభాకారమవుతుంది, ఆపైన వృత్తంలా కుంచించుకుపోతుంది. దీనిని మునుపటి ఫలితానికి కేవలం అనుబంధంగా చూస్తే దాని విలువను తగ్గించినట్లే.

తలాల విషయంలో ఇంతటి సౌలభ్యం లేదు. కుంభాకార తలాలు గోళాకృతికి చేరతాయని గెర్హార్డ్ హ్యూస్కెన్ 1984లోనే చూపాడు. కాని సన్నని మెడతో కలిసిన రెండు బుడగల వంటి తలంలో మెడ ముందుగా తెగిపోతుందని 1989లో నిరూపించినవాడు గ్రేసనే. మెడ ఎంత సన్ననైతే దాని చుట్టుకొలత వెంట వక్రత అంత ఎక్కువ. సమతల రేఖకు ఆ రెండో దిశ లేదు.

హామిల్టన్ 1982లో ప్రవేశపెట్టిన రిచీ ప్రవాహంలో మారేది దూరమానం. అక్కడా మెడల సమస్య ఎదురైంది. మెడను కోసి, కొసలను మూసి, ప్రవాహాన్ని కొనసాగించే 'శస్త్రచికిత్స' పద్ధతిని గ్రిగరీ పెరెల్మాన్ 2002-2003 పత్రాల్లో సాధించాడు. 1904 నాటి పాంకరే ఊహకు నిరూపణ అలా దొరికింది. పరిమిత కాలంలో అంతరించని ప్రవాహాల్లో, దీర్ఘకాలం గడిచాక కనిపించే మందమైన భాగాలు అతిపరావలయ జ్యామితికి చేరువవుతాయి. థర్‌స్టన్ జ్యామితీకరణ ఊహకు ఆధారం ఇదే. ఈ కోతలు అనంతంగా సాగుతాయా అన్న ప్రశ్న మాత్రం మిగిలిపోయింది. సరైన పద్ధతిలో చేస్తే కోతల సంఖ్య పరిమితమేనని రిచర్డ్ బామ్లర్ 2018లో ప్రచురితమైన పత్రాల్లో నిరూపించాడు.