సంతకమునకు ముందు

మీ ఇంటివారిలో ఎవరినైనను ఆపరేషనుకు తీసికొనిపోయినప్పుడు, నర్సమ్మ తెచ్చి యిచ్చిన కాగితముమీద మీరు సంతకము చేసియుందురు. అందులో ఏమి వ్రాసియున్నదో చదివితిరా? నేనును చదువలేదు. ఇరువదియైదేండ్లకు పైగా సంఘకాపరిగా నుండి, రోగుల మంచములయొద్ద అనేక రాత్రులు గడిపినవాడను గనుక, అట్టి కాగితములమీద సాక్షిగా ఎన్నిమారులు చేవ్రాలు చేసితినో నాకే లెక్క తెలియదు. వాటిలో ఒకటి మాత్రము నా మనస్సును విడువకున్నది. దాని సంగతి తరువాత చెప్పెదను. రోగియు వైద్యుడును కూర్చుండి మాటలాడుకొని, ఇద్దరును కలిసి చికిత్సను నిర్ణయించుకొను అలవాటు లోకములో ఎట్లు పుట్టినదో ముందుగా తెలిసికొందము. ఆ కథకు పాయలు అనేకము. నేను ఒక్క పాయనే పట్టుకొందును. అది స్త్రీలకు వచ్చు రొమ్ము క్యాన్సరును గూర్చినది. జరిగినది అమెరికాలో. అక్కడ ఆ వాదము చాటుమాటుగా గాక పత్రికలలోను సభలలోను నడిచెను గనుక, దాని అడుగులు నేటికిని మనకు కనబడుచున్నవి.

విలియం హాల్‌స్టెడ్ అను శస్త్రవైద్యుడు 1882లో ఒక పెద్ద కోతను మొదలుపెట్టెను. రొమ్మును మాత్రమే గాక, దాని క్రిందనున్న ఎదకండరములను, చంకలోని బిళ్లలను కూడ ఒక్క ముద్దగా తీసివేయుటయే ఆ పద్ధతి. తరువాత ఆయన బాల్టిమోరు నగరమందలి జాన్స్ హాప్‌కిన్స్ వైద్యశాలలో పనిచేయుచు 1894లో దాని ఫలితములను ప్రకటించెను. ఆయనను మనము నిందింపరాదు. ఆ కాలపు స్త్రీలు సిగ్గుచేతను భయముచేతను దాచి దాచి, గడ్డ పగిలి పుండైన తరువాత వచ్చెడివారు. కోసినచోటనే మరల మొలిచెడి ఆ రాచపుండును ఆయన చాలవరకు అరికట్టెను. అయితే ఆయన శిష్యులును, వారి శిష్యులును, చిన్న గడ్డతో వచ్చినవారికి సహితము అదే కోత కోయుచు డెబ్బది యేండ్లకు పైగా గడిపిరి. ప్రక్కటెముకలకు అంటుకొనిపోయిన చర్మముతోను, వాచిన చేతితోను ఆ స్త్రీలు మిగిలిన దినములు వెళ్లబుచ్చిరి. ఇంత కోత అవసరమా యని అడుగుట గురుద్రోహమువలె ఎంచబడెను.

కోతకంటె ఎక్కువగా నన్ను కలవరపెట్టునది దాని వరుస. స్త్రీకి రొమ్ములో గడ్డ కనబడును. అది క్యాన్సరో కాదో ఇంకను తెలియదు. అయినను మత్తు ఇయ్యకమునుపే ఆమె ఒక కాగితముమీద రెండింటికిని కలిపి సంతకము చేయవలెను. మత్తులో నుండగా గడ్డనుండి ముక్క తీసి, గడ్డకట్టించి, సూక్ష్మదర్శినిక్రింద చూచెదరు. క్యాన్సరు కాదనిన కుట్టు వేసి పంపుదురు. అగుననిన ఆమె నిద్రలోనుండగనే రొమ్ము తీసివేయుదురు. తనకు వచ్చినది ఏ రోగమో ఆమెకు మొదట చెప్పినవాడు వైద్యుడు కాడు. మెలకువ వచ్చిన తరువాత ఆమె తన చేతితో ఎదను తడిమి చూచుకొనెడిది. ఆ చేయియే ఆమెకు చెప్పెడిది.

వైద్యులు కఠినాత్ములై ఇట్లు చేసిరని తలంపకుడి. అత్యధికులు దయగలవారే. చెప్పిన భయపడునని, ఆలస్యము చేసిన ప్రాణము పోవునని వారి తలంపు. 1961లో డేనియల్ ఓకెన్ అను వైద్యుడు షికాగోలోని ఒక వైద్యశాలలో 219 మంది వైద్యులను విచారింపగా, క్యాన్సరు అని రోగితో చెప్పకుండుటయే మేలని నూటికి 90 మంది అనిరి. మన ఇండ్లలోను ఇంతే కదా! “ఆమెతో చెప్పకండి డాక్టరుగారూ, తట్టుకోలేదు” అని వరండాలో గుసగుసలాడువారిలో నేనును ఉంటిని. 1979లో అదే ప్రశ్నను మరియొకచోట వైద్యుల నడుగగా, చెప్పుటయే మా అలవాటని నూటికి 97 మంది బదులిచ్చిరి. ఆ పదునెనిమిదేండ్లలో ఏమి జరిగెను?

న్యాయస్థానములు కొంత చేసెను గాని అంతగా కాదు. మత్తులో పరీక్షకు మాత్రమే ఒప్పుకొనిన ఒక స్త్రీకి వైద్యులు గడ్డనే తీసివేసిరి. 1914లో ఆ వ్యాజ్యెమును విచారించుచు న్యూయార్కు న్యాయమూర్తి కార్డోజో, తన శరీరమునకు ఏమి చేయవలెనో నిర్ణయించు హక్కు బుద్ధిస్థిమితముగల పెద్దవారికి ఉన్నదని వ్రాసెను. మాట గొప్పదే. కాని ధర్మాసుపత్రి నష్టపరిహారము చెల్లింపనక్కరలేదని ఆమె వ్యాజ్యెము ఓడిపోయెను! తెలిసి ఇచ్చు సమ్మతి అను పేరు 1957లో కాలిఫోర్నియా న్యాయస్థానపు తీర్పులో వెలువడెను. పేరు పుట్టినను ఆపరేషను గదులలోని వరుస మారలేదు.

దానిని మార్చినవారు రోగులే. 1971లో బాబెట్ రాస్మండ్ అను రచయిత్రి ఆ రెండు పనుల కాగితముమీద సంతకము చేయనని చెప్పి, క్లీవ్‌లాండులో జార్జ్ క్రైల్ అను వైద్యునియొద్దకు వెళ్లి గడ్డను మాత్రము తీయించుకొనెను. తరువాత మారుపేరుతో గ్రంథము వ్రాసెను. 1974లో రోజ్ కుష్నర్ అను విలేఖరికి గడ్డ కనబడెను. ఈమె పుట్టినది హాల్‌స్టెడ్ పనిచేసిన బాల్టిమోరులోనే. ముక్క తీసి చూచి, నన్ను లేపి, సంగతి చెప్పండి, తరువాతి పని తరువాత ఆలోచించుకొందును అని ఆమె కోరిక. ఇంత చిన్న కోరికకు ఒప్పుకొను శస్త్రవైద్యుని కొరకు ఆమె ఎందరికో టెలిఫోను చేయవలసివచ్చెను.

అదే సంవత్సరము సెప్టెంబరు 28న అధ్యక్షుడు ఫోర్డ్‌గారి భార్య బెట్టీ ఫోర్డ్‌కు రొమ్ము ఆపరేషను జరిగెను. అంతకుముందే కుష్నర్ అధ్యక్షభవనమునకు టెలిఫోను చేసి, రెండు పనులను వేరుచేయుడని బ్రతిమాలెను. అధ్యక్షుడు ఇదివరకే నిర్ణయించియున్నాడని ఆమెకు జవాబు వచ్చెను. గమనించితిరా? నిర్ణయించినది భర్తయట! ఆ నౌకాదళ వైద్యశాల యున్న ఊరు బెథెస్డా. అక్కడి పాత ప్రార్థనామందిరముమూలముగా ఆ ఊరికి మన బేతెస్ద కోనేటి పేరు వచ్చినది. ఆ కోనేటియొద్ద 38 ఏండ్లు పడియున్నవాని స్వస్థపరచకమునుపు, వాని కోరిక ఏమో ప్రభువు వానినే అడిగెను. ఆ భాగముమీద అనేక ప్రసంగములు చేసితిని గాని, చూడగనే తెలియు సంగతిని ఆయన ఎందుకు అడిగెనో యౌవనములో నేను ఆలోచింపనే లేదు.

ఒక సంగతి తప్పక చెప్పవలెను. కుష్నర్ తన రొమ్మును కాపాడుకొనలేదు. పరీక్షలో క్యాన్సరని తేలగా, ఆమె చదివి, విచారించి, బఫెలో నగరపు వైద్యశాలకు వెళ్లి, కండరములను మిగిల్చి రొమ్మును తీయు ఆపరేషను చేయించుకొనెను. ఆమె కోరినది రొమ్ము కాదు, తెలిసికొనుట.

వైద్యులలోను సందేహించినవాడు ఒకడుండెను. ఆయన పిట్స్‌బర్గులోని బెర్నార్డ్ ఫిషర్. పెద్ద కోత నిజముగా ఎక్కువమందిని బ్రదికించుచున్నదా? ఇది వాదముతో తేలదు, పోల్చి చూడవలెననెను. 1976 మొదలుకొని 1,800 మందికి పైగా స్త్రీలను చీట్లు వేసినట్టు మూడు గుంపులుగా విభజించి, కొందరికి రొమ్ము తీసివేసి, కొందరికి గడ్డ మాత్రము తీసి, కొందరికి గడ్డ తీసి కిరణచికిత్స, అనగా మన ఊళ్లలో కరెంటు పెట్టుట అందురే అది, చేసిరి. మొదట స్త్రీలను చేర్చుట మిక్కిలి కష్టమాయెను. శస్త్రవైద్యులే తమ రోగులను పంపలేదు. కారణమేమని అడుగగా, రోగికిని తనకును గల సంబంధము చెడునని నూటికి 73 మంది చెప్పిరి; సందేహమును విప్పి మాటలాడుట తమకు ఇష్టము లేదని 22 మంది ఒప్పుకొనిరి. ఈ లెక్కలు 1984లో అచ్చయినవి. ఏది మేలో నాకును తెలియదమ్మా అని రోగితో చెప్పుట వారికి కత్తి పట్టుటకంటె కష్టమాయెను. వారిని చూచి నేను నవ్వలేను. బిడ్డను పోగొట్టుకొనిన తల్లి ఎందుకని అడిగినప్పుడు తెలియదని చెప్పుట నాకును చేతకాలేదు.

1985లో ఫలితములు వెలువడెను. మూడు గుంపులలోను బ్రదికియున్నవారి లెక్కలో భేదము లేదు. ఇరువది యేండ్ల తరువాత, 2002లో చూచినను లేదు. అయితే గడ్డ మాత్రము తీసినవారిలో నూటికి 39 మందికి ఆ రొమ్ములోనే క్యాన్సరు తిరిగి వచ్చెను; కరెంటు పెట్టించుకొనినవారిలో 14 మందికి వచ్చెను. ఇటలీలోని మిలాను నగరములో వెరోనేసి అను వైద్యుడు చేసిన పరీక్షయు ఇట్లే తేల్చెను.

ఇప్పుడు ఆలోచించుడి. ఆయుష్షు సమానమే అయినప్పుడు ఏ దారి మేలు? ఆ జవాబు ఏ గ్రంథములోను లేదు. పట్టణములో వారముల తరబడి నిలిచి కరెంటు పెట్టించుకొనుటకు తావులేని కూలిమనిషి, రొమ్ము తీయించుకొని ఇంటికి పోవుటయే మేలనుకొనవచ్చును. మరియొకతె, తిరిగివచ్చునేమోనను భయమును భరించియైనను రొమ్మును నిలుపుకొనగోరును. లెక్కలు తెలిసినవాడు వైద్యుడు. ఇంటి సంగతి, ఒంటి సంగతి, భయము, ఆశ తెలిసినది ఆమె. సగము అతనియొద్ద, సగము ఆమెయొద్ద ఉన్నప్పుడు ఒక్కరే నిర్ణయించిన అది సగము నిర్ణయమే.

1979లో మసాచుసెట్స్ రాష్ట్రము, రొమ్ము క్యాన్సరుగల స్త్రీకి ఉన్న దారులన్నియు వైద్యుడు చెప్పవలెనని చట్టము చేసెను. ఆ యేడే జూనులో అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ కూర్చిన వైద్యసభ, పరీక్షను ఆపరేషనును వేరుచేయుమని సలహా యిచ్చెను. ఆ సభలో వైద్యురాలు కానిది కుష్నర్ ఒక్కతే. కలిసి నిర్ణయించుట అను మాట 1982లో అధ్యక్షుని సంఘపు నివేదికలోనికి ఎక్కెను.

మన దేశపు మాటకు వత్తును. ఢిల్లీలో పరీక్షకని మత్తులోనికి వెళ్లిన ఒక స్త్రీకి, బయటనున్న తల్లి ఒప్పుదలతో గర్భసంచిని అండాశయములను తీసివేసిరి. ఇది 1995లో జరిగెను. పరీక్షకు ఇచ్చిన ఒప్పుదల చికిత్సకు చెల్లదని, చికిత్స స్వభావమును, మేలును, కీడును, వేరు దారులను రోగికి చెప్పవలెనని 2008 జనవరి 16న సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, 15 మొదలు 49 ఏండ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకొనినవారు దేశమంతట నూటికి సుమారు 3. తెలంగాణలో దాదాపు 8. ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు 9. వారిలో ఎందరికి వేరు దారులను గూర్చి చెప్పిరి?

నా సంఘములో ఒక సహోదరికి చెప్పలేదు. ఆమె కూలిపని చేసికొనునది. నలువది యేండ్లయినను లేవు. ఎక్కువగా రక్తము పోవుచున్నదని పట్టణములోని ఒక ఆసుపత్రికి తీసికొనిపోతిమి. గర్భసంచి తీయకున్న క్యాన్సరగునని చెప్పిరి. కాగితము ఇంగ్లీషులో నుండెను. “అయ్యగారూ, మీరు చదువుకున్నోరు, మీరే చూడండి” అని ఆమె భర్త నా చేతికిచ్చెను. నేను పేరును తేదీని చూచి సాక్షి సంతకము చేసితిని. ఆమె వేలిముద్ర వేసెను. రెండేండ్ల తరువాత, ఒంటిలో మంటలు, ఎముకల నొప్పులు అని చెప్పుచు ఆమె నన్ను అడిగెను: “మా వీధిలో ఒకామెకు ఇదే జబ్బు మాత్రలతో ఆగిపోయిందంట. నాకు కూడా ఆ దారి ఉందని ఆ కాగితంలో రాశారా అయ్యగారూ?”

రోగి నిర్ణయించుకొనుటకు తోడ్పడు చిన్న పుస్తకములు, చిత్రపటములు, దారులను ప్రక్కప్రక్కన పెట్టి చూపు పట్టికలు ఇప్పుడు అనేక దేశములలో ఉన్నవి. 31,000 మందిమీద జరిగిన 105 పరిశోధనలను 2017లో ఒకచోట చేర్చి చూచిరి. వాటిని చదివిన రోగులకు సంగతి బాగుగా తెలిసెను, తమకు ఏది ముఖ్యమో చెప్పగలిగిరి. వైద్యునితో మాటలాడుటకు అధికముగా పట్టిన కాలము సుమారు రెండున్నర నిమిషములు.

ఆ దినమున డాక్టరుగారి గది బయట, ఆ సహోదరియు, ఆమె భర్తయు, నేనును బల్లమీద మూడు గంటలు కూర్చుంటిమి.