అటకెక్కని యంత్రం

నల్లగొండలో మా ఇంటిముందు నుంచి నెలకొకమారు పాత ఇనుపసామాను కొనే అతడు కేక వేస్తూ పోతాడు. ఆ కేక వినపడగానే మా అబ్బాయి చూపు నా గది మూలనున్న పెట్టె మీదికి పోతుంది. 1999లో నేను కొనుక్కున్న సంగణకం అది. విండోస్ 98తో పనిచేస్తుంది. (సంగణకమంటే కొందరు చదువరులు నవ్వుకుంటారని తెలుసు. తెలుగు పండిత శిక్షణ పొందినవాడి నోట ఆ మాట ఒక్కసారైనా రాక తప్పదు. ఇకమీద కంప్యూటరనే అంటాను.) పోయిన నెల తూకపు అతడు లోపలికే వచ్చి, "సారూ, గిదేం పనికొస్తది, కిలో లెక్కన తీస్కుంట" అన్నాడు. ఇవ్వలేదు. ఎందుకివ్వలేదో ఇంట్లో వారికి చెప్పి ఒప్పించలేకపోయాను. మీకైనా చెప్పుకుందామని ఈ వ్యాసం.

దేవరకొండ, కల్వకుర్తి, అచ్చంపేట ప్రాంతాల్లో ఉద్యోగరీత్యా తిరిగిన రోజుల్లో మోటబావి మాటలు సేకరించే అలవాటుండేది నాకు. బోరుబావులు వచ్చాక మోట పోయింది; మోటతోపాటు మోకు, తొండం, గిరక వంటి మాటలే కాక, వాటి చుట్టూ అల్లుకున్న పలుకుబళ్ళూ పోతున్నాయి. మోట తోలిన ముసలివారి దగ్గర కూర్చుని చీటీల మీద వ్రాసుకున్నవాటిని ఈ కంప్యూటరులో ఎక్కించాను. ఎక్కించాక చీటీలు జాగ్రత్త చేయలేదు. కంప్యూటరులో ఉన్నది శాశ్వతమని ఆనాడు నమ్మాను. ఆ కాలంలో డి.టి.పి. కేంద్రాలు వాడే ఫాంట్ల వంటిదే ఒక ఫాంటుతో టైపు చేశాను. కొన్నేళ్ళకు కొత్త కంప్యూటరు వచ్చింది. పాత దస్త్రాన్ని అందులో తెరిస్తే ఒక్క తెలుగక్షరం లేదు. నెత్తిన చుక్కలూ, గీతలూ ఉన్న ఐరోపా అక్షరాలు బారులు తీరి కనిపించాయి.

కారణం తెలిసిన తర్వాత కోపం పోయి కుతూహలం మిగిలింది. ఆనాటి ఫాంటులో ఉండేవి 256 గదులు. అందులో కొన్నింటిని యంత్రం తన అవసరాలకు అట్టిపెట్టుకుంటుంది. మిగిలినవాటిలో మన తలకట్టులు, గుడులు, కొమ్ములు, ఒత్తులు సర్దాలి. కాబట్టి ఆ దస్త్రంలో ఉన్నది భాష కాదు, బొమ్మ. 'కి' అన్నది కకారమూ ఇకారమూ కలిసిన అక్షరమని ఆ యంత్రానికి తెలియదు. ఫలానా గదిలోని ఆకారమని మాత్రమే తెలుసు. ఏ ఆకారం ఏ గదిలో ఉండాలన్నది ఫాంటు తయారుచేసిన వారి ఇష్టం. ఫాంటు లేకపోతే గది సంఖ్యలు మిగులుతాయి, అంతే. నా మాటలను అకారాదిగా అమర్చమంటే, వర్ణమాలతో సంబంధం లేకుండా గదుల వరుసలో అమర్చి ఇచ్చేది. వ్యాకరణం చెప్పి బతికినవాడికి అంతకన్న శిక్ష లేదు.

మన పాలమూరు గడ్డ బిడ్డ సురవరం ప్రతాపరెడ్డి గారు 'గోలకొండ కవుల సంచిక'ను 1934లో వెలువరించారు. తెలంగాణలో కవులే లేరన్న మాటకు సమాధానంగా 354 మంది కవులను ఒకచోట చేర్చిన గ్రంథమది. అక్షరాలు వచ్చిన పిల్లవాడెవడైనా నేడు ఆ పుస్తకం తెరిచి చదవగలడు. దానికి అరవై అయిదేళ్ళ తర్వాతిదైన నా దస్త్రాన్ని చదవాలంటే, ఒక ప్రత్యేకమైన యంత్రం, అందులో ఒక ప్రత్యేకమైన ఆపరేటింగ్ సిస్టం, దానిలో ఒక ప్రత్యేకమైన ఫాంటు, మూడూ బతికి ఉండాలి. నా గది మూలలో ఆ మూడూ ఉన్నాయి.

నాకీ పాత యంత్రాల మోజు అవసరంతో పుట్టింది కాదని కూడా ఒప్పుకోవాలి. 1984–85లో కేంద్ర ప్రభుత్వం 'క్లాస్' అనే పథకం కింద సుమారు 250 పాఠశాలలకు బి.బి.సి. మైక్రో కంప్యూటర్లు ఇచ్చింది. ఇంగ్లండులో ఏకార్న్ సంస్థ 1981లో విడుదల చేసిన యంత్రమది. జ్ఞాపకశక్తి 32 కిలోబైట్లు! మీట నొక్కగానే బేసిక్ భాష సిద్ధంగా ఉండేది. నేను అప్పుడప్పుడే ఉద్యోగంలో చేరాను. హైదరాబాదులో ఒక బడిలో గణితం చెప్పే మిత్రుడు ఒక ఆదివారం నన్ను దాని ముందు కూర్చోబెట్టాడు. "దీనికి తెలుగు వస్తుందా?" అన్నాను. "రాదు, నేర్పవచ్చు" అన్నాడు.

ఎనిమిది అడ్డుగళ్ళు, ఎనిమిది నిలువుగళ్ళు. ఒక్కొక్క అడ్డువరుసకు ఒక సంఖ్య. వి.డి.యు. 23 అన్న ఆజ్ఞ తర్వాత గుర్తు సంఖ్య, ఈ ఎనిమిది సంఖ్యలూ ఇస్తే కొత్త గుర్తు తయారవుతుంది. గళ్ళకాగితం మీద ముందుగా పూర్ణబిందువు వేశాం: 60, 66, 129, 129, 129, 129, 66, 60. తెర మీద సున్న నిండుగా వచ్చింది. (పరీక్షించి చూడదలచినవారు ఈ సంఖ్యలను ద్విసంఖ్యామానంలో ఒకదాని కింద ఒకటి వ్రాసి చూడండి.) ఆ ఉత్సాహంతో 'గ' వేశాం, 'ర' వేశాం. 'ళ' దగ్గర గళ్ళు చాలలేదు. 'క్ష్మి' వేద్దామన్నాను. మిత్రుడు కాగితం మడిచి జేబులో పెట్టుకుని టీకి లేచాడు. తెలుగు లిపికి ఎంత చోటు కావాలో నాకు తెలిసివచ్చింది ఆ రోజే.

హైదరాబాదు పేరెత్తాను కనుక ఇ.సి.ఐ.ఎల్. గురించి చెప్పకపోతే అపచారం. 1967లో ఆ సంస్థను నెలకొల్పిన డాక్టర్ అయ్యగారి సాంబశివరావు గారు పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లులో పుట్టినవారు. వారి పేరనే ఏ.ఎస్. రావు నగర్ వెలిసింది. ట్రాంబేలో రూపుదిద్దుకున్న టి.డి.సి.-12 కంప్యూటరును 1969 ప్రాంతంలో వెలుగులోకి తెచ్చినవారూ, ఆ తర్వాత 1970ల్లో టి.డి.సి.-312, టి.డి.సి.-316 నిర్మించినవారూ ఈ సంస్థవారే. పేరులోని 12, ఒక్కొక్క పదంలో ఉండే బిట్ల సంఖ్య. ఆ తరం యంత్రాల జ్ఞాపకం, తీగలకు గుచ్చిన అతిచిన్న అయస్కాంతపు ఉంగరాలలో ఉండేది. ఒక ఉంగరానికి ఒక బిట్టు. 12 బిట్ల పదాలు 4096 దాచుకోవాలంటే 49,152 ఉంగరాలు కావాలి. పూసలపేరు గుచ్చినట్టు గుచ్చాలి. ఇందులో నాకు నచ్చిన గుణమొకటుంది: కరెంటు పోయినా ఆ ఉంగరాలు మరచిపోవు. మా జిల్లాలో వేసవి కోతలప్పుడు సేవ్ చేయని పుటలు ఎన్ని పోగొట్టుకున్నానో తలచుకుంటే, ఆ పూసలపేరు మీద గౌరవం పెరుగుతుంది.

లిపి సంగతికి వస్తాను. డాస్ కాలంలోనే పుణె సీ-డాక్ వారు 'జిస్ట్' కార్డు తెచ్చారు. కంప్యూటరు లోపల దానిని అమరిస్తే తెర మీద భారతీయ లిపులు కనిపించేవి. దాని వెనుకనున్న 'ఇస్కీ' సంకేతపద్ధతి 1991లో భారతీయ ప్రమాణమైంది. అది బొమ్మలను కాక వర్ణాలను దాచింది. హల్లు, గుణింతపు గుర్తు, అకారాన్ని తొలగించే పొల్లు, ఈ క్రమంలో. 1991లోనే వచ్చిన యూనికోడు మన భాషలకు ఆ వరుసనే తీసుకున్నది. అంటే సరైన దారి ముందే ఉన్నది. అచ్చుపనికి అందం, వేగం కావలసి డి.టి.పి. లోకం బొమ్మల దారి పట్టింది. వారిని తప్పుపట్టను, పెళ్ళిపత్రిక రేపటికి కావాలన్న మనిషికి ప్రమాణాల గురించి ఏం చెబుతాం? 2001లో విండోస్ ఎక్స్‌పీ గౌతమి ఫాంటుతో వచ్చింది. పోతన, వేమన ఫాంట్లు, లేఖిని, పాత ఫాంట్లను మార్చే పద్మ వంటివి తోడయ్యాక మనబోటివారికి అంతర్జాలంలో తెలుగు అబ్బింది. దంత్య చజలు (ౘ, ౙ) 2008లో చేరాయి. పాత ముద్రణల్లోని నకారప్పొల్లుకు 2021 దాకా చోటు దొరకలేదు.

బయటి దేశాల్లో ఈ పాత వ్యవస్థలను భద్రపరిచేవారు చాలామంది. జిమ్ హాల్ 1994లో మొదలుపెట్టిన ఫ్రీడాస్ ఇంకా బతికి ఉన్నది. ఎం.ఎస్. డాస్ తొలి రూపాల మూలాన్ని మైక్రోసాఫ్ట్ సంస్థ 2014లో కాలిఫోర్నియాలోని కంప్యూటర్ హిస్టరీ మ్యూజియం ద్వారా అందరికీ చూపింది. అదే సంస్థ విండోస్ 98ను పట్టించుకోవటం 2006 జులైలో మానేసింది.

నా పూర్వవిద్యార్థి ఒకడు సంక్రాంతికి వచ్చి, నా పాత డిస్కునంతా యథాతథంగా నకలు తీసి, కొత్త లాప్‌టాప్‌లో ఒక కిటికీ లోపల విండోస్ 98ను నడిపించి చూపాడు. పెట్టెలో పెట్టె. "గురువుగారూ, ఇక ఆ పెద్దదాన్ని ఇచ్చెయ్యొచ్చు" అన్నాడు. మోట మాటలు తెర మీద తెలుగులో కనిపించాయి. కళ్ళు చెమర్చిన మాట నిజం. కానీ దస్త్రాలన్నీ డిస్కులో లేవు. అచ్చంపేట వైపు సేకరించినవి నాలుగు ఫ్లాపీల్లో ఉన్నాయి. మూడింటికి బూజు పట్టింది. నాలుగోదాన్ని కొత్త యంత్రాలు చదవలేదు. ఈ పాత పెట్టెలోని డ్రైవు మాత్రం, గరగరమని అరుస్తూ, పది ప్రయత్నాల్లో ఒకసారి చదువుతుంది. అలా చదివినప్పుడల్లా ఒకటి రెండు పుటలు కొత్త రూపంలోకి మార్చుకుంటున్నాను. పోయిన మూడు ఫ్లాపీల్లోని మాటలు మళ్ళీ అడుగుదామంటే, చెప్పిన వారిలో ఒక్కరూ లేరు.

మీ దగ్గర పాత ఫ్లాపీలుంటే వానకాలం రాకముందే తెరిచి చూడండి. దస్త్రంతోపాటు ఫాంటును కూడా మరవకుండా నకలు తీసుకోండి. ఎండలో పెట్టకండి. నేను పెట్టాను.