తెర మీద బోధకుడు, పక్కన దుబాసీ: విశాఖలో బిల్లీ గ్రాహం ప్రభావానికి ఆధారాలెంత?

తెలుగువాళ్ల కోసమని అమెరికా బాప్టిస్టులు పంపిన మొదటి మిషనరీ శామ్యూల్ డే. ఆయన 1836లో తెలుగు నేల మీద తొలి అడుగు పెట్టింది నెల్లూరులో కాదు, విశాఖపట్నంలో. కొన్నాళ్లు ఇక్కడుండి, శ్రీకాకుళం వెళ్లి, మద్రాసు మీదుగా 1840కి నెల్లూరు చేరాడు. వేళ్లూనింది అక్కడే కాబట్టి విశాఖ మజిలీని చరిత్రకారులు ఒక్క వాక్యంలో దాటేస్తారు. ఉత్తరాంధ్రలో బాప్టిస్టు పని తర్వాత కెనడా వాళ్ల చేతికొచ్చింది. 1874లో కాకినాడలో మొదలై భీమునిపట్నం, బొబ్బిలి, శ్రీకాకుళం దాకా పాకింది.

ఈ పాత సంగతి ముందుగా చెప్పడానికి కారణం ఉంది. అమెరికన్ టీవీ బోధకుడి మాట విశాఖలో ఎంత పనిచేసిందని అడిగేటప్పుడు, ఆ మాట పడేనాటికి నేల బీడుగా లేదన్నది గుర్తుండాలి. డే రాకకు ముప్పై ఏళ్ల ముందే, 1805లో, లండన్ మిషనరీ సొసైటీ తరఫున క్రాన్, డిగ్రాంజెస్ విశాఖకు వచ్చి, ఆనందరాయర్ అనే ఆయన సాయంతో సువార్తలను తెలుగులోకి మార్చే పనికి పూనుకున్నారు. ఇద్దరూ 1810 నాటికే కన్నుమూశారు. వాళ్ల అనువాదం 1812లో అచ్చయింది సేరంపూరులోని బాప్టిస్టుల ముద్రణాలయంలో. క్రైస్తవ శాఖల మధ్య గోడలు అప్పటికి అంత గట్టివి కావన్నమాట.

టీవీ బోధకుల్లో బిల్లీ గ్రాహంను (1918–2018) ఎంచుకోవడానికి కారణం, తెలుగువాళ్ల మధ్య ఆయన అడుగుజాడలకు తేదీలు దొరకడమే. ఆయన సదరన్ బాప్టిస్టు. 1950లో రేడియోలో ‘అవర్ ఆఫ్ డెసిషన్’ మొదలుపెట్టాడు, మరుసటి ఏడాది టీవీకెక్కాడు. 1957లో న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్ సభలను అమెరికా అంతటా ప్రత్యక్షంగా చూపించారు. పుస్తకాల్లో ‘పీస్ విత్ గాడ్’ (1953), ‘హౌ టు బి బార్న్ అగైన్’ (1977) జనం విస్తారంగా చదివినవి. రాత కూడా ప్రసంగంలాగే ఉంటుంది. పొట్టి వాక్యాలు, లోకం చెడిపోయిందన్న పట్టిక, ఆపైన ఒకే ప్రశ్న: నువ్వేం నిర్ణయించుకున్నావు? వేదాంత లోతు వెతికేవాళ్లకు అందులో పెద్దగా దొరకదు. అనువదించడానికి మాత్రం అంతకన్నా అనువైన రచన ఉండదు.

అనువాదం అన్న ఆ మాట దగ్గరే మొదటి ఆధారం ఉంది. 1956లో ఇండియా వచ్చినప్పుడు మద్రాసు సభల్లో గ్రాహం ప్రతి వాక్యాన్నీ తమిళంలోకీ తెలుగులోకీ మార్చి చెప్పారు. లెక్క వేసి చూడండి. గంట ప్రసంగంలో ఆయన గొంతు వినిపించేది ఇరవై నిమిషాలే. తెలుగు శ్రోత విన్నది దుబాసీ ఎంచుకున్న మాటలను, దుబాసీ ఉచ్చారణలో. అది గ్రాహం ప్రభావమా, దుబాసీ ప్రభావమా అని విడదీయడానికి మార్గం లేదు.

రెండో ఆధారం గట్టిది, కానీ అది టీవీకి సంబంధించింది కాదు. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచెత్తి వేలమందిని బలిగొన్నప్పుడు గ్రాహం ఇండియాలోనే పర్యటిస్తున్నాడు. హెలికాప్టర్‌లో వెళ్లి చూశాడు. తర్వాత ఆయన సంస్థ డబ్బుతో అక్కడ మూడు వందలకు కాస్త తక్కువ ఇళ్లు, ఒక ప్రార్థన మందిరం కట్టించినట్టు ఆయన స్వీయచరిత్ర ‘జస్ట్ యాజ్ ఐ యామ్’ (1997) చెబుతుంది. స్వీయచరిత్ర సొంత సాక్ష్యం కనుక జాగ్రత్తగా చదవాలి. అయినా ఇళ్లు లెక్కపెట్టగలిగినవి, మారుమనస్సులు అలాంటివి కావు. హైదరాబాద్ దూరదర్శన్ మొదలైందీ ఆ ఏడాదే. తీరప్రాంత పల్లెల్లో అప్పటికి టీవీ పెట్టె లేదు. అంటే తెలుగునాట గ్రాహం పేరు నిలిపిన ఘటనలో తెర పాత్ర దాదాపు సున్నా.

విశాఖ ఇళ్లలోకి విదేశీ బోధ మొదట వచ్చింది రేడియో దారినే. ఆకాశవాణి మతప్రచారానికి సమయం అమ్మదు. ఆ ఖాళీని సీషెల్స్ నుంచి 1970లో మొదలైన ఫెబా రేడియో, శ్రీలంక నుంచి ట్రాన్స్ వరల్డ్ రేడియో పూరించాయి. రెండూ తెలుగులో మాట్లాడాయి. కేబుల్ వచ్చింది తొంభైల్లో. తర్వాత శుభవార్త, ఆరాధన వంటి తెలుగు క్రైస్తవ చానెళ్లు వచ్చేసరికి తెలుగు దైవజనులే తెర నిండా ఉన్నారు. అమెరికన్ బోధకుడికి మిగిలింది ఒక మూల. ఈ వరుసే నాకు ముఖ్యంగా తోస్తుంది.

ఇక భాష. సంఘాల్లో సాక్ష్యం చెప్పేవాళ్లు ‘నేను తిరిగి జన్మించాను’ అంటారు. తెలుగు బైబిలులో యోహాను మూడో అధ్యాయంలో ఉన్నది ‘క్రొత్తగా’ అన్న మాట. ఈ ‘తిరిగి’ ఇంగ్లీషు ప్రసంగాల నుంచి వచ్చిందా? గ్రాహం పుస్తకం పేరు చూస్తే ఔననిపిస్తుంది. కానీ సువార్తికుడు బక్త్ సింగ్ మద్రాసులో 1941 నుంచీ, ఆ తర్వాత హైదరాబాద్ హెబ్రోను మందిరంలోనూ జరిపిన కూడికల్లో కొత్త జన్మే ప్రధానాంశం. బ్రదరెన్ వాళ్లూ, పెంతెకొస్తు వాళ్లూ అదే బోధించారు. ఒక్క మాటను పట్టుకుని ఒక్క మనిషి ఖాతాలో వేయడం తొందరపాటే.

అంకెలు ఆదుకుంటాయేమో అంటే, అవీ అంతంత మాత్రమే. 2011 జనగణనలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో క్రైస్తవులు 1.34 శాతం. బాప్టిస్టులెందరు, లూథరన్లెందరు అని జనగణన అడగదు. పైగా 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవంలోకి మారిన దళితుడికి ఎస్సీ హోదా పోతుంది. కాబట్టి రాసుకున్న మతం, ఆదివారం కూర్చునే బల్ల ఒకటే అయ్యుండాలని లేదు.

విశాఖకు మరో చిక్కుంది. 1933లో ఓడరేవు తెరిచాక, 1971లో ఉక్కు కర్మాగారానికి శంకుస్థాపన జరిగాక, ఊళ్లకు ఊళ్లు కదిలి వచ్చాయి. నెల్లూరు, ఒంగోలు ప్రాంతం నుంచి వచ్చినవాళ్లు అమెరికన్ బాప్టిస్టుల ఆచారాన్నీ, గుంటూరు వాళ్లు లూథరన్ క్రమాన్నీ మూటగట్టుకుని వచ్చి ఉంటారు. ఉక్కునగరంలో ఒక కుటుంబం సంఘం మారిందంటే అది ప్రసంగం పుణ్యమా, క్వార్టర్సుకు దగ్గరలో ఉన్నది ఆ గుడే కావడమా?

దీనికి జవాబు గ్రాహం సంస్థ నడిచిన తీరులోనే కొంత దొరుకుతుంది. 1995లో పోర్టోరికో నుంచి ఉపగ్రహం ద్వారా ఆయన ప్రసంగాన్ని 185 దేశాలకు పంపినట్టు సంస్థ ప్రకటించింది. 2002 నుంచి ‘మై హోప్’ అనే పద్ధతి పెట్టింది. టీవీలో కార్యక్రమం వచ్చే వేళకు విశ్వాసి ఇరుగుపొరుగును తన ఇంటికి పిలిచి, చూశాక తానే మాట్లాడాలి. తెర ఒక్కటే చాలదని టీవీ బోధకుడి సంస్థే ఒప్పుకున్నట్టు నేను దీన్ని చదువుతాను. విశాఖలో వెతకాల్సింది ఆ ఇంటివాళ్లను. సంఘాల బాప్తిస్మపు రిజిస్టర్లు తిరగేస్తే పేరు, తేదీ, ముంచిన కాపరి సంతకం కనిపిస్తాయి. పక్కింటి ఆవిడ ఏ సాయంత్రం పిలిచిందో రాయడానికి వాటిలో గడి ఉండదు.