మురుగుకీ తోడు కావాలి

అమలాపురం చుట్టుపక్కల పాత పెంకుటిళ్ళ పెరళ్ళు ఎరిగినవారికి ఒక సంగతి గుర్తుండే ఉంటుంది. అంట్లు తోమిన నీళ్ళూ, స్నానాల నీళ్ళూ చిన్న కాలవ వెంట పోయి ఏ అరటి పాదులోనో, కొబ్బరి మొదట్లోనో ఇంకిపోయేవి. ఆ చెట్టు గెల మిగతా చెట్ల గెలలకన్నా నాలుగు కాయలు ఎక్కువే వేసేది. మురికినీళ్ళు చెట్టుకి బలమెలా అయ్యాయంటారా? శాస్త్రజ్ఞులకి ఆ జవాబు దొరకడానికి 1877 దాకా పట్టింది లెండి.

మురుగులో మన ముక్కు మూయించే ఘాటు ఉంటుంది చూశారూ, అదే అమ్మోనియా. ఆ ఏడాది ఫ్రాన్సులో ష్లోసింగ్, ముంట్జ్ అనే ఇద్దరు పెద్దమనుషులు ఒక పొడుగాటి గాజుగొట్టంలో ఇసుకా, కాస్త సున్నపురాయీ నింపి, పైనుంచి మురుగునీళ్ళు మెల్లిగా వదిలారు. ఇరవై రోజులపాటు పైన పోసిన అమ్మోనియా కిందికి అలాగే దిగింది. ఆ తర్వాత అది తగ్గి, దాని బదులు నైట్రేటు రావడం మొదలెట్టింది. నైట్రేటంటే మొక్కలు ఇష్టంగా పీల్చుకునే ఎరువే. ఇది ఉత్త రసాయన చర్యే అయితే మొదటిరోజే జరగాలి కదా, ఇరవై రోజులు ఆగడమెందుకు? అనుమానం తీర్చుకోవడానికి గొట్టంలోకి క్లోరోఫారం ఆవిరి పంపారు. పని ఆగిపోయింది! క్లోరోఫారం పోయాక తోటమట్టి కలిపిన నీళ్ళు కాసిని పోస్తే మళ్ళీ మొదలైంది. మత్తుమందుకి లొంగిందంటే ప్రాణమున్నదన్నమాటే.

ఆ ప్రాణి ఎవరో తెలియడానికి ఇంకో పదమూడేళ్ళు పట్టింది. 1890లో జూరిక్‌లో వినోగ్రాడ్‌స్కీ అనే రష్యా శాస్త్రజ్ఞుడూ, స్కాట్లండులో ఫ్రాంక్‌లాండ్ దంపతులూ ఎవరికి వారుగా ఈ సూక్ష్మజీవుల్ని వేరుచేసి చూపించారు. దంపతులు అన్నాను కదా, ఆవిడ పేరు గ్రేస్ ఫ్రాంక్‌లాండ్. భర్తతో సమానంగా పనిచేసి, ఆ వ్యాసం మీద తన పేరు కూడా వేసుకున్న ఇల్లాలు. అయినా లండన్ కెమికల్ సొసైటీ ఆడవాళ్ళని సభ్యులుగా చేర్చుకునేది కాదు. చేర్చుకోమని 1904లో సంతకాలు పెట్టిన పందొమ్మిదిమంది స్త్రీలలో ఆవిడా ఒకరు. ఆ తలుపు తెరుచుకుంది 1920లో!

ఈ సూక్ష్మజీవుల తీరే వేరు. మిగతావాటిలా మాంసపు రసమూ, చక్కెరా పెడితే పెరగవు. అమ్మోనియాని గాలిలోని ప్రాణవాయువుతో కలిపి, అందులోంచి వచ్చే శక్తితోనే బతుకుతాయి. ఒంటికి కావలసిన బొగ్గుపులుసు వాయువుని, సూర్యుడి సాయం కూడా లేకుండా, చీకట్లోనే సంపాదించుకుంటాయి. ఇవి అమ్మోనియాని నైట్రైటు దాకా తెస్తే, వీటి తోటివి ఇంకొన్ని దాన్ని నైట్రేటు చేస్తాయి. అయితే ఇవి మహా నిదానం. మామూలు బాక్టీరియా ఇరవై నిమిషాలకి ఒకటి రెండైతే, వీటికి ఎన్నో గంటలు, ఒక్కోసారి రోజు పైనే పడుతుంది.

ఆ నిదానానికి విరుగుడు 1914లో మాంచెస్టర్‌లో దొరికింది. ఆర్డెన్, లాకెట్ అనే ఇద్దరు సీసాలో మురుగు పోసి గాలి ఊదారు. అమ్మోనియా అంతా మారడానికి అయిదు వారాలు పట్టింది. అప్పుడు పైనున్న తేటనీరు వంచేసి, అడుగున పేరుకున్న మడ్డి పారబోయకుండా, దాని మీదే కొత్త మురుగు పోశారు. అలా పోసిన కొద్దీ గడువు తగ్గి, చివరికి ఒక్కరోజు చాలింది. రాత్రి మిగిల్చిన పెరుగుతో పాలు తోడుపెట్టే మనకి ఇందులో వింతేముంది చెప్పండి! ప్రపంచమంతటా పట్టణాల మురుగుని శుభ్రం చేస్తున్నది చాలావరకు ఈ తోడు పద్ధతే. వాళ్ళకి దారిచూపిన ఫౌలర్‌గారు తర్వాత బెంగుళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్సులో ఆచార్యుడిగా పనిచేశారు.

ఇక మన సీమకి వద్దాం. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక నీళ్ళు తెచ్చేది పంట కాలవ, తీసుకుపోయేది మురుగు కాలవ అని రెండు పేర్లు స్థిరపడ్డాయి. ఆ రోజుల్లో మురుగు అంటే చాలామటుకు చేలు తాగగా మిగిలిన నీరే. 1990ల నుంచి అల్లవరం, ఉప్పలగుప్తం, కాట్రేనికోన వైపు రొయ్యల చెరువులు పెరిగాయి. రొయ్యకి వేసే మేతలోని నత్రజనిలో సుమారు పావువంతే దాని ఒంటికి పడుతుంది. మిగతాది నీళ్ళలోనే ఉండి, అమ్మోనియాగా మారి రొయ్యకే విషమవుతుంది. దాన్ని విరిచేది మళ్ళీ ఈ నిదానపు జీవులే. ఒక గ్రాము అమ్మోనియా నత్రజనిని నైట్రేటు చేయడానికి సుమారు నాలుగున్నర గ్రాముల ప్రాణవాయువు కావాలి. రాత్రంతా ఏరియేటర్లు తిరిగేది రొయ్య ఊపిరికే కాదు, వీటి ఊపిరికి కూడా. ఈ చెరువుల నీరు కాలవల్లో కలపడం మీద 1996లో సుప్రీంకోర్టు గట్టి తీర్పిచ్చింది, 2005లో కోస్తా చెరువులకి చట్టమూ వచ్చింది.

చెరువుల సంగతి అలా ఉంచి, మన పెరళ్ళు చూడండి. సిమెంటు గచ్చు చేసి, అరటి పాదు తీసేసి, నీళ్ళన్నీ గొట్టంలోంచి డ్రెయినులోకి వదిలేశాం. సెప్టిక్ ట్యాంకు ఉంది కదా అంటారా? అందులో గాలి ఉండదు, గాలి లేనిచోట ఈ జీవులు పనిచేయవు. అమ్మోనియా ఎలా వచ్చిందో అలాగే బయటికి పోతుంది. పైగా దోసిళ్ళకొద్దీ బ్లీచింగు పౌడరు పోస్తే మిగిలిన మంచి జీవులూ పోతాయి. అలాగని పాత పద్ధతే పూర్తి వైద్యం కాదు సుమండీ. మన నేలలో నీరు చేతికందే లోతులో ఉంటుంది. నైట్రేటు నూతిలోకి దిగితే పాలు కలిపి పట్టే పసిపిల్లలకి ప్రమాదం. అందుకే పాదు నూతికి దూరంగా ఉండాలి.

ఊరికంతటికీ మురుగు శుద్ధి చేసే ఏర్పాటు కావాలని అడగడం మన హక్కు. అది కట్టినా అందులో పనిచేసేది ఈ కంటికి కనపడనివే. ఈలోగా నూతికి ఎడంగా రెండడుగుల మట్టి, ఒక అరటి పిలకకి చోటు ఉంచితే, అవి అక్కడా తమ పని తాము చేసుకుపోతాయి.